సౌరక్షేత్రానికి కంటికి కనిపించని కాపలా

పాతికేళ్ల కౌలు, పదేళ్ల సాఫ్ట్‌వేరు - ఆపరేటింగ్ సిస్టమ్‌లు, భద్రత, ప్రోగ్రామింగ్ పనిముట్లపై నిపుణులు ఏమంటున్నారు?

క్యాతగానచెర్లు: పావగడ తాలూకా నాగలమడికె హోబళిలోని తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామాల పేర్లు నేడు దేశ విద్యుత్ రంగంలో పదే పదే వినబడుతున్నాయి. కర్ణాటకలో ఉంటూనే మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్న తాలూకా ఇది. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం పలికే ఈ పల్లెల్లో వానను నమ్ముకొని వేరుశనగ విత్తిన మెట్టభూములు దాదాపు 13 వేల ఎకరాల మేరకు ఇప్పుడు సౌరఫలకాల కింద ఉన్నాయి.

2015 మార్చిలో కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థ ఏర్పాటయింది. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య తొలి దశను ప్రారంభించారు. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యం సిద్ధించింది. భూమిని కొనకుండా రైతుల నుంచి కౌలుకు తీసుకోవడం ఈ పథకంలోని విశేషం. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు అన్న లెక్కన దాదాపు 2,300 మంది రైతులు పాతికేళ్లకు పైబడిన ఒప్పందాలపై సంతకాలు చేశారు. అంటే ఈ ప్రాంతపు ఒక తరం జీవనం ఈ క్షేత్రంతో ముడిపడి ఉన్నదన్నమాట.

ఇంతటి క్షేత్రానికి ముళ్లకంచె ఉన్నది, కాపలాదారులు ఉన్నారు. కంచె దాటి వచ్చే దొంగను పట్టుకోవడం వారి పని. అయితే కంచె దాటకుండా, తీగ వెంట వచ్చే దొంగ మాటేమిటి? సౌరక్షేత్రం అంటే అద్దాలు, ఇనుప కమ్మీలు మాత్రమే కాదు. అది వందలాది చిన్న కంప్యూటర్ల సముదాయం. ఆ కంప్యూటర్లలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏమిటి, వాటికి రక్షణ ఎలా ఉండాలి, వాటికి ప్రోగ్రాములు రాసే పనిముట్లను ఎంతవరకు నమ్మవచ్చు అన్న విషయాలపై సాఫ్ట్‌వేరు రంగంలో కొన్నేళ్లుగా గట్టి చర్చ సాగుతున్నది. ఆ చర్చ బెంగళూరు, హైదరాబాదు అద్దాల మేడలకే పరిమితమైనది కాదు. దాని ఫలితం ఈ ఐదు గ్రామాల దాకా వస్తుంది.

ఫలకం నుంచి తీగ దాకా

సౌరఫలకంపై ఎండ పడినప్పుడు పుట్టేది ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి. ఇళ్లకు, పంపుసెట్లకు, కర్మాగారాలకు కావలసినది ఏ.సి. ఒకదానిని మరొకదానిగా మార్చే యంత్రం ఇన్వర్టరు. దీనిని కేవలం ఒక విద్యుత్ పెట్టెగా భావించరాదు. గ్రిడ్డులోని విద్యుత్తు సెకనుకు ఎన్ని ఆవృత్తాలతో నడుస్తున్నదో అది క్షణక్షణం కొలుస్తుంది. తాను పంపే విద్యుత్తును దానితో సరితూగేలా చేస్తుంది. తేడా మితిమీరితే తనంతట తానే విడిపోతుంది. ఈ నిర్ణయాలన్నీ చేసేది దాని లోపలి కంప్యూటరు.

ఇన్వర్టర్ల నుంచి వచ్చిన విద్యుత్తు అంచెలంచెలుగా అధిక వోల్టేజికి మారి, చివరకు పవర్‌గ్రిడ్ సంస్థ వారి 400 కిలోవోల్టుల ఉపకేంద్రం ద్వారా జాతీయ గ్రిడ్డులో కలుస్తుంది. దారి పొడవునా మీటర్లు, రిలేలు, వాతావరణ పరికరాలు ఉంటాయి. వీటన్నింటి సమాచారం నియంత్రణ గదికి చేరుతుంది. అక్కడి తెరపై క్షేత్రమంతా కనబడేలా చేసే వ్యవస్థను స్కాడా అంటారు. కూర్చున్న చోటి నుంచే ఒక బ్రేకరును తెరవడం, ఒక ఇన్వర్టరును ఆపడం దీనితో సాధ్యం.

క్షేత్రం బయట కూడా ఈ సమాచారానికి పని ఉన్నది. విద్యుత్ రంగంలో ఒక రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలుగా విభజిస్తారు. ఒక్కో భాగంలో ఎంత విద్యుత్తు ఇవ్వగలరో ఉత్పత్తిదారులు ముందుగానే తెలపాలి. చెప్పినదానికి, ఇచ్చినదానికి తేడా ఎక్కువైతే రుసుము కట్టాలి. గ్రిడ్డు ఆవృత్తి 49.90 నుంచి 50.05 హెర్ట్జుల మధ్య నిలవాలన్నది దేశంలో పాటించే కట్టుబాటు. మబ్బు పట్టగానే వందల మెగావాట్లు తగ్గే సౌరవిద్యుత్తుతో ఈ సమతూకం నిలపాలంటే ఎప్పటికప్పుడు సరైన సమాచారం కావాలి. సమాచారం తప్పితే గ్రిడ్డును నడిపేవారికి కళ్లు కట్టినట్టే.

నీరుగంటి లాంటి నిర్వహణ వ్యవస్థ

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ఈ సీమవారికి చెప్పడానికి చెరువు ఆయకట్టును మించిన పోలిక లేదు. చెరువులోని నీరు ఒకటే, పొలాలు అనేకం. ఏ పొలానికి ఎప్పుడు, ఎంతసేపు తూము తీయాలో చూసేవాడు నీరుగంటి. కంప్యూటరులో ప్రాసెసరు సమయం, జ్ఞాపకశక్తి అనే నీటిని పలు ప్రోగ్రాములకు పంచే నీరుగంటి ఆపరేటింగ్ సిస్టమ్. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము మడిలోకి చొరబడకుండా గట్టు కాపాడేది కూడా అదే. నీరుగంటి లోబడిపోతే ఆయకట్టు అంతా పాడయినట్లే, ఆపరేటింగ్ సిస్టమ్ శత్రువు చేతికి చిక్కితే దానిపై నడిచే ఏ ప్రోగ్రామూ నమ్మదగినది కాదు.

ఇటువంటి కర్మాగారాల్లో సాధారణంగా మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు కనబడతాయి. నియంత్రణ గదిలోని తెరలకు ఎక్కువగా విండోస్ వాడుతారు. సమాచారాన్ని పోగుచేసి పంపే చిన్న పెట్టెల్లో లినక్స్ ఉంటుంది. క్షణంలో వెయ్యో వంతు కూడా ఆలస్యం కారాదనుకునే రిలేలు, కంట్రోలర్లలో వి.ఎక్స్.వర్క్స్, క్యూ.ఎన్.ఎక్స్. వంటి రియల్-టైమ్ వ్యవస్థలు ఉంటాయి. కొన్ని చిన్న పరికరాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ అంటూ విడిగా ఉండదు. ఒకే ప్రోగ్రాము తిరుగలిలా తిరుగుతూ ఉంటుంది.

వీటిలో ఏది సురక్షితమన్న ప్రశ్నకు సాఫ్ట్‌వేరు రచయితల్లో ఏకాభిప్రాయం లేదు. లినక్స్ మూలాన్ని ఎవరైనా చదివి దోషాలు పట్టవచ్చు కనుక అదే మేలని ఒక వర్గం అంటుంది. చదవగలిగినంత మాత్రాన చదివేవారు ఉన్నారని అర్థం కాదని మరో వర్గం బదులిస్తుంది. ఇంటర్నెట్టులో అత్యధిక భాగం ఆధారపడిన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో హార్ట్‌బ్లీడ్ అనే లోపం రెండేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండి 2014 ఏప్రిల్‌లో బయటపడటం వారు చూపే సాక్ష్యం. విండోస్‌పైనే ఎక్కువ దాడులు జరుగుతాయని కొందరు, ఎక్కువ మంది వాడటమే అందుకు కారణమని మరికొందరు అంటారు. 2019లో వి.ఎక్స్.వర్క్స్‌లో ఒకేసారి 11 లోపాలు బయటపడటంతో రియల్-టైమ్ వ్యవస్థలు అభేద్యమన్న భ్రమ కూడా తొలగింది.

అనుభవజ్ఞుల మాటల సారం ఒకటే. వ్యవస్థ పేరు కంటే దానిని చూసుకునే మనిషి ముఖ్యం. వేళకు మరమ్మతు పొందే విండోస్, ఎవరూ పట్టించుకోని లినక్స్ పెట్టె కంటే మేలు. ఈ మాటను తిరగేసినా నిజమే.

పాతికేళ్ల కౌలు, పదేళ్ల సాఫ్ట్‌వేరు

అసలు చిక్కు కాలగణనలో ఉన్నది. సౌరఫలకం ఆయుష్షు పాతికేళ్లని అంచనా. కౌలు కూడా ఆ మేరకే రాసుకున్నారు. సాఫ్ట్‌వేరు ఆయుష్షు అంత ఉండదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న తయారీ సంస్థ సాధారణ మద్దతు నిలిపివేసింది. పావగడ క్షేత్రం కోసం సంస్థ ఏర్పాటయిన 2015లోనే, జూలై 29న, విండోస్ 10 విడుదలయింది. ఆనాడు అదే సరికొత్తది. 2025 అక్టోబరు 14న దానికీ కాలం చెల్లింది. కౌలు ఒప్పందాలు సగం దూరమైనా నడవకముందే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టి, పెరిగి, ముసలిదయిందన్నమాట.

మద్దతు నిలిచిపోవడమంటే కంప్యూటరు ఆగిపోవడం కాదు. అది ఎప్పటిలాగే నడుస్తుంది, ప్రమాదమూ అందులోనే ఉన్నది. కొత్తగా లోపం బయటపడినప్పుడు దానికి ప్యాచ్, అంటే మాసిక, ఇక రాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి ప్యాచ్ అదే ఏడాది మార్చి 14నే వచ్చింది. రెండు నెలలు గడిచినా వేయనివారు, మద్దతు పోయిన పాత వ్యవస్థలు వాడుతున్నవారు నష్టపోయారు.

వెంటనే వేసేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. నియంత్రణ గదిలో అది అంత తేలిక కాదు. ప్యాచ్ వేయాలంటే యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఎండ కాసే వేళ ఆపితే ఉత్పత్తి నష్టం. ప్యాచ్ వేశాక స్కాడా ప్రోగ్రాము సరిగా నడుస్తుందన్న హామీ ఆ తయారీదారు ఇవ్వాలి. పైగా ప్యాచే ప్రమాదం తెచ్చిన సందర్భమూ ఉన్నది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన నవీకరణ ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజున మన దేశపు విమానాశ్రయాల్లో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. దాడి చేసినవారెవరూ లేరు. కాపలాదారు చేతి కర్రే ఇంటివారికి తగిలింది.

ఈ రెండు అనుభవాల నుంచి నిపుణులు తీసిన నీతి మధ్యేమార్గం. ప్యాచ్‌ను ముందు వేరే యంత్రంపై పరీక్షించాలి. తర్వాత కొన్ని యంత్రాలకు, ఆపైన అన్నింటికీ వేయాలి. సౌరక్షేత్రానికి ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. అణు, బొగ్గు కేంద్రాలకు రాత్రి కూడా పనే. సౌరక్షేత్రానికి ప్రతి రాత్రీ విరామమే. పొద్దు గుంకిన తర్వాత మరమ్మతు చేసుకునే వెసులుబాటు ప్రకృతే ఇచ్చింది. కావలసినదల్లా ఆ పనికి ఒక మనిషి, ఒక పట్టిక.

తాళం లేని భాష

క్షేత్రంలోని పరికరాలు పరస్పరం మాట్లాడుకునే భాషల్లో ప్రసిద్ధమైనది మోడ్‌బస్. దీనిని 1979లో మోడికాన్ అనే సంస్థ రూపొందించింది. ఆనాటికి కర్మాగారాల్లోని తీగలు గోడ దాటి బయటకు వెళ్లేవి కావు. అందువల్ల అందులో సంకేతపదం అన్న ఊహే లేదు. ‘ఫలానా అంకెను ఫలానా గడిలో రాయి’ అని ఆజ్ఞ వస్తే, పంపినదెవరని అడగకుండా పరికరం రాసేస్తుంది. తలుపులేని ఇంటికి ఊరి కట్టుబాటే కాపలాగా ఉన్న రోజుల నాటి పద్ధతి ఇది. ఇప్పుడు అదే ఇల్లు రహదారి పక్కకు వచ్చింది.

రహదారి పక్క ఇల్లు ఎలా ఉంటుందో లోకానికి 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో తెలిసింది. మూడు విద్యుత్ పంపిణీ సంస్థల నియంత్రణ గదుల్లో సిబ్బంది చూస్తుండగానే మౌసు గుర్తు దానంతట అదే కదిలి బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెరిచింది. సుమారు 2 లక్షల 25 వేల వినియోగదారులకు సరఫరా నిలిచింది. నెలల ముందు ఉద్యోగులకు ఈమెయిలులో వచ్చిన ఒక ఆఫీసు పత్రంతో ఆ కథ మొదలయింది. గమనార్హమైన విషయం మరొకటి ఉన్నది. అక్కడి సిబ్బంది ఉపకేంద్రాలకు స్వయంగా వెళ్లి చేతితో బ్రేకర్లు వేసి కొన్ని గంటల్లోనే సరఫరా పునరుద్ధరించారు. కంప్యూటరు లేకున్నా పని చేయగల మనుషులు ఉండటమే ఆనాడు వారిని ఆదుకున్నది.

సౌర, పవన విద్యుత్ రంగాలకూ ఈ బెడద తప్పలేదు. 2019 మార్చి 5న అమెరికాలో ఎస్‌పవర్ అనే సంస్థకు చెందిన సౌర, పవన కేంద్రాలతో నియంత్రణ గదికి సంబంధం మాటిమాటికీ తెగిపోయింది. ఒక్కోసారి ఐదు నిమిషాల లోపే తెగినా గంటల తరబడి ఇది సాగింది. ఉత్పత్తికి నష్టం కలగలేదు. కారణం విచారిస్తే, ఫైర్‌వాల్ పరికరంలో అప్పటికే అందరికీ తెలిసిన లోపమే, వేయని ప్యాచే. 2022 ఫిబ్రవరి 24న వయాశాట్ అనే ఉపగ్రహ సేవపై దాడి జరిగినప్పుడు జర్మనీలోని 5,800 గాలిమరలకు దూరనియంత్రణ తెగిపోయింది. గురి వాటిపైన కాదు, అయినా దెబ్బ వాటికి తగిలింది. మరలు మాత్రం తమంతట తాము తిరుగుతూనే ఉన్నాయి.

మన దేశంలో 2019 అక్టోబరు 30న, కూడంకుళం అణు కేంద్రానికి సంబంధించిన ఒక కంప్యూటరులో హానికర ప్రోగ్రాము కనబడిన మాట నిజమేనని అణువిద్యుత్ సంస్థ అంగీకరించింది. అది పరిపాలన పనులకు వాడే కంప్యూటరని, కీలకమైన లోపలి వ్యవస్థ దానితో కలిసి లేదని వివరించింది. ఆ వివరణలోనే భద్రతాశాస్త్రపు మొదటి సూత్రం ఇమిడి ఉన్నది. జీతాల లెక్కలు చూసే కంప్యూటరు, బ్రేకరు తెరిచే కంప్యూటరు ఒకే తీగపై ఉండరాదు. బయటకు సమాచారం పోవాలి, లోపలికి ఆజ్ఞ రాకూడదు అనుకున్న చోట ‘డేటా డయోడ్’ అనే పరికరం పెడతారు. చెరువు నీరు తూము గుండా పొలానికి పారుతుంది కాని పొలం నీరు చెరువుకు ఎక్కదు. ఇదీ అటువంటిదే.

పనిముట్టునే నమ్మరాని రోజు

ప్రోగ్రామింగ్ పనిముట్ల విషయంలో సాఫ్ట్‌వేరు రచయితల ఆందోళన మరింత లోతైనది. కమ్మరి తాను చేసిన కొడవలిని పరీక్షిస్తాడు. సుత్తిని, దాగలిని అనుమానించడు. సాఫ్ట్‌వేరులో అనుమానించవలసి వస్తున్నది.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇందుకు మొదటి పెద్ద నిదర్శనం. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కేంద్రంపై గురిపెట్టిన ఈ ప్రోగ్రాము యూఎస్‌బీ డ్రైవుల ద్వారా కూడా వ్యాపించింది. కంట్రోలర్లకు ప్రోగ్రాములు రాసేందుకు ఇంజనీర్లు వాడే సీమెన్స్ వారి స్టెప్ 7 అనే పనిముట్టులోనే అది తిష్ఠ వేసింది. ఇంజనీరు కంట్రోలరులోని ప్రోగ్రామును తెరిచి చూస్తే మార్పులేనిది కనబడేది. లోపల నడిచేది వేరొకటి. తెర చూపినదే నిజమనుకున్నవారికి యంత్రాలు ఎందుకు పాడవుతున్నాయో అంతుపట్టలేదు.

యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ఈ సంగతిని ఎంతో ముందే చెప్పారు. ట్యూరింగ్ పురస్కారం సందర్భంగా ఆయన చేసి, 1984లో అచ్చయిన ప్రసంగంలో, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరులోనే దొంగదారి పెట్టవచ్చని నిరూపించారు. అసలు ప్రోగ్రామును ఎన్నిసార్లు చదివినా ఆ దొంగదారి కనబడదు. తాను పూర్తిగా రాయని ప్రోగ్రామును నమ్మడమంటే దానిని రాసిన మనుషులను నమ్మడమే అన్నది ఆయన వాదన.

నలభై ఏళ్ల తర్వాత ఆ మాట అక్షరాలా నిజమయింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో దొంగదారి ఉన్నదని ప్రకటించారు. తన కంప్యూటరులోకి దూరం నుంచి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని ఆరా తీసిన ఫలితమది. ఒంటరిగా ఆ ఉపకరణాన్ని పోషిస్తున్న వ్యక్తికి సాయపడతానంటూ మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు దొంగదారిని చేర్చారు. అది ప్రధాన లినక్స్ పంపిణీల్లో స్థిరపడక ముందే దొరికింది కాబట్టి సరిపోయింది. మూలం అందరికీ తెరిచి ఉండటం వల్లనే పట్టుబడిందని ఒక పక్షం, జీతం లేని ఒక్క మనిషిపై లోకమంతా ఆధారపడటం వల్లనే జరిగిందని మరో పక్షం వాదించాయి. రెండు వాదనల్లోనూ సత్యం ఉన్నది.

ఒక్క తెలుగు అక్షరం

పనిముట్ల చర్చలో తెలుగువారు మరువరాని అధ్యాయం ఒకటున్నది. 2018 ఫిబ్రవరిలో, అంటే పావగడ క్షేత్రపు తొలి దశ ప్రారంభానికి సిద్ధమవుతున్న రోజుల్లోనే, ఒక్క తెలుగు అక్షరం లోకమంతటా ఐఫోన్లను కుప్పకూల్చింది. ‘జ్ఞా’ అన్న అక్షరం నడుమ కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు చేరిన రూపమది. సందేశంలో ఆ అక్షరం వస్తే దానిని చూపబోయిన యాప్ మూతబడేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

తప్పు తెలుగుది కాదు. అక్షరాలను తెరపై కూర్చే ప్రోగ్రాము జ్ఞాపకశక్తిని తప్పుగా వాడింది. హల్లు, వత్తు, గుణింతం కలిసే భారతీయ లిపుల తీరును పూర్తిగా ఊహించక రాసిన ఫలితమది. ఇంగ్లీషు అక్షరాలతో మాత్రమే పరీక్షిస్తే ఇటువంటి లోపం ఎన్నటికీ బయటపడదు. లోపలికి వచ్చే దేనినీ గుడ్డిగా నమ్మరాదన్న పాఠం సందేశంలోని అక్షరానికి ఎంత వర్తిస్తుందో, ఇన్వర్టరుకు వచ్చే ఆజ్ఞకూ అంతే వర్తిస్తుంది.

ఇక్కడే ప్రోగ్రామింగ్ భాషల ప్రశ్న వస్తుంది. 1970ల ఆరంభంలో పుట్టిన ‘సి’ భాష వేగానికి పెట్టింది పేరు. ఆపరేటింగ్ సిస్టమ్‌లు, పరికరాల లోపలి ప్రోగ్రాములు అధికంగా ‘సి’, ‘సి ప్లస్ ప్లస్’ భాషల్లోనే ఉన్నాయి. తనకు కేటాయించిన మడి గట్టు దాటి ప్రోగ్రాము పక్క మడిలో రాస్తే ‘సి’ అడ్డు చెప్పదు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇటువంటి జ్ఞాపకశక్తి దోషాలేనని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2019లో వెల్లడించారు. 2015 మే నెలలో తొలి స్థిర రూపం పొందిన రస్ట్ అనే భాష ఆ గట్టు దాటడాన్ని చాలావరకు కంపైలరు దశలోనే పట్టి ఆపుతుంది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో దానికి చోటు లభించింది.

అయితే రస్ట్ నేర్వడం కష్టమని, దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన పాత ప్రోగ్రాములను తిరగరాస్తే కొత్త తప్పులు వస్తాయని పాతకాపులు హెచ్చరిస్తున్నారు. ఏ భాష అయినా 1234 అనే సంకేతపదాన్ని ఆపలేదన్నది వారి మరో వాదన. కొత్తగా రాసేది సురక్షితమైన భాషలో రాయడం, పాతదానిని జాగ్రత్తగా కంచె వేసి ఉంచడం అన్న రాజీ మార్గానికే ఎక్కువ మంది మొగ్గుతున్నారు.

నిబంధనలు వచ్చాయి

ఈ పరిణామాల నేపథ్యంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో విద్యుత్ రంగానికి సైబర్ భద్రతా మార్గదర్శకాలు జారీచేసింది. ప్రతి సంస్థా ఒక సమాచార భద్రతాధికారిని నియమించాలని, నియంత్రణ వ్యవస్థలను ఇంటర్నెట్టు నుంచి వేరుచేయాలని, పరికరాలను నమ్మదగిన వనరుల నుంచే కొనాలని అందులో ఆదేశాలున్నాయి. ప్రమాదాలు జరిగితే తెలపడానికి సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఉన్నది.

పరికరాల మూలం గురించిన జాగ్రత్త వట్టి భయం కాదు. 2025 మార్చిలో ఫోర్‌స్కౌట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు మూడు ప్రముఖ తయారీ సంస్థల సౌరవిద్యుత్ పరికరాలు, వాటి అనుబంధ సేవల్లో 46 కొత్త లోపాలను ప్రకటించారు. వాటిలో అనేకం ఇన్వర్టరులో కాక, దానిని ఫోనులో చూపే ఇంటర్నెట్టు సేవలోనే ఉన్నాయి. ఒక్క ఇన్వర్టరు ఆగితే గ్రిడ్డుకు లెక్కలేదు. ఒకే సంస్థవి లక్షలాది ఇన్వర్టర్లు ఒకే క్షణాన ఆగితే మాత్రం గ్రిడ్డు తూకం చెదురుతుంది.

ఊరివారికి పని ఏమిటి?

మొదటిది, ఇంటిపై సౌరఫలకాలు పెట్టుకున్నవారికి. ఇన్వర్టరుతో పాటు వచ్చే వైఫై పెట్టెకు తయారీదారు పెట్టిన సంకేతపదాన్ని బిగించిన రోజే మార్పించాలి. ఆ ఖాతా ఇంటివారి పేరున, ఇంటివారి ఫోను నంబరుతో ఉండాలి, బిగించినవాని పేరున ఉండరాదు. ప్యాచ్‌లు ఎన్నేళ్లు వస్తాయని కొనేముందే అడగాలి. ఫలకానికి పాతికేళ్ల హామీ రాసిచ్చేవారు సాఫ్ట్‌వేరుకు ఎన్నేళ్లు రాసిస్తారో చెప్పగలగాలి.

రెండవది, క్షేత్రంలో పనిచేసేవారికి. దారిలో దొరికిన పెన్‌డ్రైవును నియంత్రణ గది కంప్యూటరుకు తగిలించరాదు. ఫోను చార్జింగు పెట్టడానికైనా దాని యూఎస్‌బీ రంధ్రాన్ని వాడరాదు. కంపెనీ నుంచి మాట్లాడుతున్నామంటూ ఎవరైనా ఫోనుచేసి సంకేతపదం అడిగితే చెప్పరాదు. స్టక్స్‌నెట్ కథలో పెన్‌డ్రైవు, ఉక్రెయిన్ కథలో ఈమెయిలు ఎంత పని చేశాయో పైన చూసినదే.

మూడవది, చదువుకుంటున్న పిల్లలకు. భూమి ఇచ్చిన రైతుకు కౌలు అందుతున్నది. భూమిలేని కూలీకి, చదువుకున్న యువకునికి ఆ మాట వర్తించదు. స్థానికులకు ఎక్కువగా దక్కినవి ఫలకాలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం వంటి పనులే. నియంత్రణ గదిలోని కొలువు మరో స్థాయిది. దానికి కావలసిన విద్యలో అధిక భాగం ఉచితంగా దొరికే పనిముట్లతో నేర్వవచ్చు. పాత కంప్యూటరుపై లినక్స్ వేసుకోవచ్చు. పైథాన్ భాషతో ఒక చిన్న మోడ్‌బస్ పరికరాన్ని ఇంట్లోనే సృష్టించి దానితో మాట్లాడవచ్చు. వైర్‌షార్క్ అనే ఉపకరణంతో తీగపై పోతున్న సమాచారాన్ని చదవవచ్చు. కంట్రోలరు కొనకుండానే ఓపెన్ పీఎల్‌సీతో అభ్యాసం చేయవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చేందుకు చేసిన కృషి ఇంగ్లీషు బెరుకును కొంత తగ్గిస్తుంది. ఇతరుల వ్యవస్థలపై ప్రయోగాలు చేయడం మాత్రం సమాచార సాంకేతిక చట్టం కింద నేరమన్నది విద్యార్థులు మరువరాదు.

పావగడ, హిందూపురం, అనంతపురం పరిసరాల పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలలు పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల భద్రతను ఒక పాఠంగా చేర్చితే, దానికి పావగడ, కర్నూలు, నంబులపూలకుంట సౌరక్షేత్రాలను మించిన ప్రయోగశాల లేదు. ఆ పెట్టెల్లోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కనీసం రెండుసార్లు, బహుశా మూడుసార్లు మార్చవలసి వచ్చేంత దీర్ఘకాలం ఈ క్షేత్రం నడవాలి. ఆ మార్పు చేసే చేతులు బెంగళూరు నుంచే రావాలన్న నియమం ఏదీ లేదు. ఈ ఐదు గ్రామాల్లో ఇప్పుడు బడికి వెళుతున్న పిల్లల వయసుకు ఆ కాలగణన సరిగ్గా సరిపోతుంది.